చేతులు కాదు, వేళ్ళు చూడండి

"నిన్న సాయంత్రం దాకా బాగానే ఉందండీ, పొద్దున లేచి చూసేసరికి పోయింది." మొక్కలు పెంచే ఆడవాళ్ళు నలుగురు చేరిన చోట ఈ మాట వినపడకుండా ఉండదు. గులాబీ గురించి అంటారు, మల్లె గురించి అంటారు, తులసి గురించయితే గొంతు తగ్గించి మరీ అంటారు. ఈమధ్య కొన్నేళ్ళుగా మాత్రం నేను ఎక్కువగా వింటున్నది లావెండర్ గురించి.

ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఫోన్ తెరిస్తే చాలు, ఊదారంగు తివాచీ పరిచినట్టున్న ఫ్రాన్స్ పొలాల ఫోటోలు కనిపిస్తాయి. సబ్బుకీ, అగరొత్తికీ, ఇల్లు తుడిచే ద్రావకానికీ ఆ పేరే. నర్సరీకి వెళ్తే చిన్న నల్ల కుండీలో, నాలుగు పూలకంకులతో, ముట్టుకుంటే చేతికి వాసన అంటుకునే మొక్క ఎదురుగా ఉంటుంది. ధర కాస్త ఎక్కువే. అయినా పండక్కి చీర కొనుక్కున్నంత సంబరంగా తెచ్చుకుంటాం. కొన్ని వారాలు బ్రహ్మాండంగా ఉంటుంది. తర్వాత ఒకరోజు చీపురుపుల్లల కట్టలా అయిపోతుంది.

అప్పుడు ఇంట్లో విచారణ మొదలవుతుంది. "నీ చెయ్యి మొక్కలకి మంచిది కాదు." "ఎదురింటావిడ వచ్చి ఎంత బాగుందో అంది, ఆ దిష్టే కొట్టింది." "పనమ్మాయి ఏం పోసిందో ఏమో." ఇంకొన్ని ఇళ్ళల్లో, "ఆ మూడు రోజుల్లో ముట్టుకున్నావా?" అనే ప్రశ్న కూడా. గమనించారా, ఈ మాటల్లో ఒక్కటి కూడా మొక్క గురించి కాదు. అన్నీ మనుషుల గురించే, అందులోనూ ఆడవాళ్ళ గురించే. మొక్క పోయిన ఇంట్లో మొక్కని తప్ప అందరినీ పరీక్షిస్తారు.

నా అభిప్రాయం ఇది. మొక్క చచ్చిపోతే "ఎవరి వల్ల?" అని కాదు, "ఏమైంది?" అని అడగాలి. రెండో ప్రశ్నకి జవాబు దొరికాక మొదటి ప్రశ్న అవసరం చాలాసార్లు ఉండనే ఉండదు. ఆ జవాబు మనుషుల మొహాల్లో కాదు, కుండీలో, మట్టి కింద ఉంటుంది. తెలుగులో వేలుకీ వేరుకీ బహువచనం ఒకటే, వేళ్ళు. మన ఇళ్ళల్లో చూస్తున్నది చేతి వేళ్ళు. చూడాల్సింది మొక్క వేళ్ళు.

ముందు ఈ లావెండర్ ఎక్కడిదో తెలిస్తే సగం గుట్టు విడిపోతుంది. దీని పుట్టిల్లు మధ్యధరా సముద్రం చుట్టుపక్కల రాళ్ళ గుట్టలు. అక్కడ వానలు చలికాలంలో పడతాయి. ఎండాకాలమంతా పొడిగా ఉంటుంది. నేల సున్నపు రాళ్ళతో నిండి ఉంటుంది, పడ్డ నీళ్ళు పడ్డట్టే జారిపోతాయి. మొక్క ఒంటిని చూడండి. సూదుల్లాంటి సన్నని ఆకులు, వాటి మీద బూడిద రంగు నూగు. అదంతా ఒంట్లోని తడి ఎండకి ఎగిరిపోకుండా కాపాడుకునే ఏర్పాటు. అంటే ఇది తక్కువ నీళ్ళతో సంసారం చేయడం పుట్టుకతోనే నేర్చుకున్న మొక్క. దానికి దాహం కష్టం కాదు, ముంపు కష్టం.

మన దగ్గర అంతా తలకిందులు. వానలు పడేది జూన్ నుంచి సెప్టెంబరు దాకా, అదీ వెచ్చని గాలిలో. చలికాలం పొడిగా ఉంటుంది. వేడీ తడీ కలిసి రావడం లావెండర్ ఎరగదు. కోస్తా ఊళ్ళల్లో అయితే గాలిలోనే చెమ్మ. మన దేశంలో లావెండర్ బాగా వచ్చేది జమ్మూ వైపు, దోడా జిల్లాలోని భదర్వా లోయ లాంటి చోట్ల. కొండ ప్రాంతం, చలికాలంలో మంచు పడుతుంది. అక్కడ మొక్కజొన్న వేసుకునే రైతులు ఎంతోమంది ప్రభుత్వ అరోమా మిషన్ సాయంతో లావెండర్ కి మారారు. ఆ పొలాల ఫోటో చూసి మన నాలుగో అంతస్తు బాల్కనీలో అదే ఆశించడం, కొత్త కోడలు వచ్చిన మర్నాడే అత్తవారింటి పద్ధతులన్నీ ఆమెకి వచ్చేయాలనుకోవడం లాంటిది.

పైగా లావెండర్ అంటే ఒక్క మొక్క కాదు, చాలా రకాలున్నాయి. అసలు నూనె తీసే ఇంగ్లీష్ లావెండర్ కి చలి కావాలి, మన ఉక్కకి అది తట్టుకోలేదు. ఆకు అంచులు రంపంలా ఉండే రకం, పూలకంకి మీద కుందేలు చెవుల్లా రెండు రేకులు నిలబడే రకం వేడిని కాస్త ఎక్కువ ఓర్చుకుంటాయి. చీటీ మీద మాత్రం అన్నిటికీ లావెండర్ అనే రాస్తారు. మొక్క ఇంటికి రాకముందే దాని జాతకం సగం రాసి ఉంటుందన్నమాట. అందులో ఎవరి చేతి పాత్రా లేదు.

ఇక చావు సంగతి. మనం వేళ్ళు నీళ్ళు తాగుతాయని మాత్రమే అనుకుంటాం. వేళ్ళు ఊపిరి కూడా పీలుస్తాయి. మట్టి రేణువుల మధ్య సందుల్లో గాలి ఉండాలి. ఆ సందులన్నీ రోజుల తరబడి నీళ్ళతో నిండిపోతే వేళ్ళకి గాలి ఆడదు. నీరసించిన వేళ్ళ మీద ఫైటోఫ్తోరా అనే తెగులు పడుతుంది. దాని విత్తనాల్లాంటి బీజాలు నీళ్ళల్లో ఈదుకుంటూ వేరు దగ్గరికి వెళ్తాయి. తడి ఎంత ఎక్కువుంటే వాటికి దారి అంత సులువు. ఇది మనకి పరాయిది కాదు. బత్తాయి, నిమ్మ తోటల్లో మొదళ్ళ దగ్గర బంక కారే తెగులు ఈ జాతిదే. తమలపాకు తోటలు మొదలు కుళ్ళి ఎండిపోవడం వెనకా ఇదే ఉంటుంది. 1840ల్లో ఐర్లండులో బంగాళదుంప పంట కుళ్ళిపోయి లక్షల మంది ఆకలితో చనిపోయిన కరువుకి కారణం కూడా ఈ కుటుంబంలోదే. ఆ పేరుకి గ్రీకు భాషలో మొక్కల్ని నాశనం చేసేది అని అర్థం.

ఇప్పుడు అసలు కిటుకు. వేళ్ళు కుళ్ళడం మొదలైనా లావెండర్ పైకి చెప్పదు. పాలకూర, పుదీనా అయితే ఒక పూట కష్టమొస్తే తల వాల్చేస్తాయి. లావెండర్ కొమ్మ కట్టెలాంటిది, ఆకు బిరుసు. లోపల సగం వేళ్ళు పోయినా మిగతా సగంతో నెట్టుకొస్తూ పైకి నిటారుగానే నిలబడుతుంది. ఒకరోజు ఎండ గట్టిగా కాస్తుంది. ఆకులు అడిగినన్ని నీళ్ళు మిగిలిన వేళ్ళు అందించలేవు. ఆ రోజు వాలిపోతుంది. మనం చూసింది ఆ రోజుని. అది చావడం మొదలుపెట్టింది రెండు మూడు వారాల ముందు. "ఉన్నట్టుండి" అనేది మన కంటికి సంబంధించిన మాట, మొక్కకి సంబంధించింది కాదు.

ఇందులో ఇంకా బాధాకరమైన సంగతి ఉంది. వేళ్ళు కుళ్ళిన మొక్కా, దాహంతో ఉన్న మొక్కా పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండూ వాడిపోతాయి. వాడిన మొక్కని చూడగానే ఏ అమ్మ చెయ్యి అయినా నీళ్ళ చెంబు వైపే వెళ్తుంది. ఆ చెంబుడు నీళ్ళే ఆఖరి దెబ్బ. "పాపం, రెండు పూటలా నీళ్ళు పోశాను, అయినా బతకలేదు" అంటారు చూశారా, ఆ "అయినా" అన్న చోట "అందుకే" ఉండాలి. ఇలా చెప్తున్నది వాళ్ళ తప్పు ఎత్తిచూపడానికి కాదు. ప్రేమ ఉండబట్టే పోశారు. కాకపోతే మనకి అలవాటైన ప్రేమ వడ్డించే ప్రేమ, ఇంకొంచెం ఇంకొంచెం అంటూ పెట్టే ప్రేమ. ఈ మొక్కకి కావాల్సింది చెయ్యి వెనక్కి తీసుకునే ప్రేమ.

మరి ఇంట్లో కూర్చుని రోగం కనిపెట్టడం ఎలా? పెద్ద చదువు అక్కర్లేదు. వంటింట్లో పప్పు ఉడికిందో లేదో చూసే తెలివి చాలు. వరసగా చూసుకుంటూ పోవాలి.

మొదట కుండీ ఎత్తి చూడండి. వాడిన మొక్క ఉన్న కుండీ బరువుగా ఉంటే అది దాహం కాదు. తేలిగ్గా, గాలి బుట్టలా ఉంటే దాహమే. తర్వాత వేలు రెండు కణుపుల దాకా మట్టిలోకి దించండి. పైన పొడిగా ఉన్నా లోపల జిగటగా తగిలితే అనుమానం బలపడుతుంది. ఆ మట్టి వాసన చూడండి. మంచి మట్టి తొలకరి వాసన వేస్తుంది. మురిగిన మట్టి కాలవ వాసన వేస్తుంది.

ఆ తర్వాత, ఎలాగూ పోయిందనుకున్న మొక్కే కాబట్టి, కుండీని పక్కకి వంచి మొక్కని మట్టిగడ్డతో సహా బయటికి లాగండి. చాలామంది చేయని పని ఇదే, అన్నిటికన్నా ఎక్కువ చెప్పే పనీ ఇదే. ఆరోగ్యంగా ఉన్న వేళ్ళు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి, లాగితే గట్టిగా నిలుస్తాయి. కుళ్ళినవి ముదురు గోధుమ రంగులోనో నల్లగానో మెత్తబడి ఉంటాయి. ఒక వేరుని రెండు వేళ్ళ మధ్య పట్టి లాగితే, నానబెట్టిన బాదం తొక్కలా పై పొర జారి వచ్చేసి లోపల దారం ఒక్కటే మిగులుతుంది. అలా వచ్చిందంటే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు. దాహంతో చచ్చిన మొక్క వేళ్ళు ఇలా ఉండవు. పొడిగా, పుటుక్కున విరిగేలా ఉంటాయి. దాని ఆకులూ నలిపితే పొడి అవుతాయి.

మొదలు దగ్గర కాండాన్ని గోటితో కొంచెం గీకండి. లోపల పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టు. గోధుమ రంగులో ఉంటే ఆ భాగం పోయినట్టు. పై నుంచి కిందికి రెండు మూడు చోట్ల గీకితే చావు ఎక్కడిదాకా వచ్చిందో తెలుస్తుంది. ఒక కొమ్మే ఎండిందా, మొక్కంతానా అన్నది కూడా చూడాలి. వేరు కుళ్ళు చాలాసార్లు ఒక పక్క కొమ్మతో మొదలవుతుంది. ఆ ఒక్క కొమ్మ ఎండినప్పుడే మేలుకుంటే మిగతా పచ్చకొమ్మల నుంచి ముక్కలు తీసి నాటుకోవచ్చు.

ఇవి కాక ఇంకో నాలుగు కారణాలున్నాయి, వాటినీ తోసెయ్యకూడదు. ఒకటి, నర్సరీ మొక్క వేళ్ళ చుట్టూ ఉండే కొబ్బరిపొట్టు ముద్ద. దాన్ని అలాగే తోటమట్టిలో పెడితే చుట్టూ మట్టి ఆరినా ఆ ముద్ద మాత్రం స్పాంజిలా తడి పట్టుకుని ఉంటుంది. రెండు, ఎరువు. పశువుల ఎరువు, వర్మీకంపోస్ట్ దండిగా వేస్తే లావెండర్ లేతగా, పొడుగ్గా పెరిగి నీరసిస్తుంది. దీనికి పేద నేలే ఇష్టం. మూడు, బోరు నీళ్ళ ఉప్పు. కుండీ అంచున, మట్టి పైన తెల్లని పెచ్చు కడుతుంటే ఆకుల కొనలు కాలినట్టు అవడానికి అదే కారణం కావచ్చు. నాలుగు, కత్తిరింపు. గుబురుగా వస్తుందని మొదట్లోని ముదురు కట్టె దాకా కోసేస్తే అక్కడినుంచి మళ్ళీ చిగురు రావడం అరుదు. మందారాన్ని కత్తిరించినట్టు దీన్ని కత్తిరించకూడదు, పచ్చగా ఉన్న భాగంలోనే ఆపాలి.

వీటన్నిటికన్నా మంచి పరీక్ష ఇంకొకటుంది. చచ్చిన మొక్కని కాదు, పక్కన బతికిన మొక్కని అడగడం. దీనికి మా ఇంటి ఉదాహరణే చెప్తాను.

మా మేనకోడలు డాలస్ దగ్గర ఉంటుంది. అక్కడ మన తెలుగువాళ్ళ ఇళ్ళు ఎన్నో, చాలా ఇళ్ళ ముందు లావెండర్ కూడా కనిపిస్తుంది. ఎండకి ఆగుతుందని పెట్టుకుంటారు. కానీ ఆ ప్రాంతంలో చాలా చోట్ల నేల మన నల్లరేగడి లాంటిది. తడిస్తే బంక, ఎండితే నెర్రెలు. ఇంటి ముందు వరసగా 4 లావెండర్లు నాటింది. వాళ్ళ అత్తగారు ఆరునెలలు ఉండటానికి వెళ్ళినప్పుడు, పొద్దుపోక, రోజూ సాయంత్రం వాటికి నీళ్ళు పోసేవారు. మే నెల వానలు అయ్యాక ఎండ కాసిన రెండో రోజు రెండు మొక్కలు పడిపోయాయి. మేనకోడలు పైకి ఏమీ అనలేదు, కానీ అత్తగారి చేతిలోంచి నీళ్ళ డబ్బా తీసి గరాజ్ లో పెట్టేసింది. ఆవిడ ఆ డబ్బా ఎందుకు మాయమైందో అర్థం చేసుకోలేనంత అమాయకురాలు కాదు. రెండు రోజులు భోజనాల బల్ల దగ్గర మాటల్లేవట.

"అత్తా, మూడేళ్ళ మొక్కలు, ఆవిడ నీళ్ళు పోసి పోసి చంపేశారు" అని నాతో ఫోన్లో అంది.

"నాలుగింటికీ పోశారా, రెండింటికేనా?" అని అడిగాను.

"నాలుగింటికీ."

"మరి రెండే ఎందుకు చచ్చిపోయాయే?"

వీడియో కాల్ పెట్టి ఇంటి ముందు నడుచుకుంటూ చూపించమన్నాను. బతికిన రెండూ కారు దారి వైపు, కాస్త ఎత్తుగా, సిమెంటు పక్కన ఉన్నాయి. పోయిన రెండూ ఇంటి మూలన ఉన్నాయి. సరిగ్గా వాటి మొదట్లోకి, పైకప్పు మీది వాన నీళ్ళు దిగే గొట్టం. ఇంటి కప్పు మీద పడ్డ వానంతా ఆ రెండు మొక్కల కాళ్ళ దగ్గరే కుమ్మరించుకుంటోంది. పీకి చూపించమంటే వేళ్ళు నల్లగా, తొక్క ఊడిపోతూ ఉన్నాయి. రోజుకో చెంబు పోసిన మనిషి కనిపించింది గానీ, వానొచ్చినప్పుడల్లా కుండలు కుండలు పోసిన గొట్టం కనిపించలేదు. ఆ గొట్టానికి ఒక పొడిగింపు తగిలించి నీళ్ళని వీధి వైపు మళ్ళించారు. డబ్బా మళ్ళీ వదినగారి చేతికి వచ్చింది, వాన లేని వారంలో ఒకసారి మాత్రమే అనే ఒప్పందం మీద.

ఇక్కడ నింద కోడలి మీద కాకుండా అత్తగారి మీద పడింది. నింద ఎటైనా ప్రవహిస్తుంది, ఇంట్లో ఎవరి మాట చెల్లుబాటు అయితే వాళ్ళకి ఎదురుగా ఉన్నవాళ్ళ మీదకి. మన ఊళ్ళో అత్తగారి ఇల్లయితే కోడలి చెయ్యి మంచిది కాదు. కోడలి ఇల్లయితే అత్తగారికి మొక్కల సంగతి తెలియదు. ఇద్దరూ ఒకటై ఉన్న ఇంట్లో పనమ్మాయి. గొట్టాన్ని మాత్రం ఎవరూ అనరు, ఎందుకంటే గొట్టం మీద ఎవరికీ కోపం ఉండదు.

ఇంట్లో ఎవరి ప్రమేయమూ లేకుండా పోయే మొక్కలూ ఉంటాయి. లావెండర్ కి పేరు తెచ్చిన ఫ్రాన్స్ ప్రోవాన్స్ లోనే పొలాలకి పొలాలు క్షీణించి ఎండిపోయాయి. దీపపు పురుగు లాంటి చిన్న కీటకం ఒకటి రసం పీలుస్తూ ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవిని ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి ఎక్కిస్తుంది. మన నువ్వు చేలల్లో వెర్రి తెగులు వచ్చేదీ ఈ తరహాలోనే. 2013లో ఇటలీ దక్షిణాన పులియా ప్రాంతంలో ఆలివ్ చెట్లలో కనిపించి, ఆ తోటల్ని ఎండబెట్టిన జైలెల్లా అనే బాక్టీరియా లావెండర్ కి కూడా సోకుతుంది. తాతల కాలం నుంచీ అదే పండిస్తున్న రైతుల పొలాలకే ఈ గతి పట్టినప్పుడు మన బాల్కనీ ఎంత?

లావెండర్ పోతే మహా అయితే డబ్బు పోయిందని గొణుగుతారు. కానీ తులసి పోతే? వృక్షశాస్త్రం ప్రకారం తులసీ లావెండరూ ఒకే కుటుంబం, పుదీనా, మరువం కూడా వీటి చుట్టాలే. తులసికి కూడా నిలవ నీరు పడదు. కానీ తులసి ఎండితే ఇంటికి అరిష్టం అంటారు. అరిష్టం అన్నాక దానికొక కారణం కావాలి, ఆ కారణానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎవరో మీకు తెలుసు. బయట ఉన్న రోజుల్లో నీడ పడిందనో, తలస్నానం చేయకుండా తాకిందనో, ఇంటికి కొత్తగా వచ్చిన అమ్మాయి మీదకి వెళ్తుంది మాట. పదమూడేళ్ళ కూతుళ్ళని కూడా వదలరు. మొదటిసారి ఆ మాట పడ్డ పిల్ల తన ఒంటి గురించి ఏమనుకుంటుంది? తాను ముట్టుకుంటే పచ్చని ప్రాణం చచ్చిపోతుందనుకుంటుంది. ఆ నమ్మకం ఎంత లోతుకి దిగుతుందో ఎప్పుడైనా ఆలోచించామా?

తులసికోటని ఒకసారి మొక్క కంటితో చూడండి. చాలా కోటల్లో అడుగున నీళ్ళు పోయే దారే ఉండదు, లేదా ఎప్పుడో సిమెంటుతో పూడుకుపోయి ఉంటుంది. ఇంట్లో ముగ్గురు స్నానాలు చేసి మూడు చెంబులు పోస్తారు. పాలు పోస్తారు, పసుపూ కుంకుమా మొదట్లోనే వేస్తారు, దీపం కొమ్మకి ఆనుకునేలా పెడతారు. వెన్నులు గిల్లకుండా వదిలేస్తే మొక్క బలమంతా గింజలకే పోతుంది. అసలు తులసి మర్రిచెట్టులా నూరేళ్ళు బతికేది కాదు, కొన్నేళ్ళ ఆయుష్షు గల చిన్న మొక్క. డిసెంబరు చలికి ఆకు రాల్చడం కూడా దానికి మామూలే. ఇన్ని కారణాలు కళ్ళెదురుగా ఉండగా, ఏ పాపమూ ఎరగని ఆడపిల్ల ఒంటిని కారణంగా చూపడం నాకు భక్తిలా అనిపించదు. ఒక ఆడదానిగా, రోజూ తులసికి దండం పెట్టుకునే మనిషిగానే ఈ మాట అంటున్నాను.

"పెద్దవాళ్ళు ఊరికే అంటారా, హస్తవాసి అనేది లేదా?" అని మీలో కొందరు అడుగుతారు. హస్తవాసి ఉంది. కానీ అది పుట్టుకతో అరచేతిలో రాసి ఉండే గీత కాదు. ఆ పేరున్న వాళ్ళ దగ్గర ఒక పూట నిలబడి చూడండి. నీళ్ళు పోసే ముందు మట్టి తాకుతారు. ఆకు తిప్పి అడుగు చూస్తారు. వాన పడే సూచన ఉంటే చెంబు దించేస్తారు. కుండీ జరిపితే కింద తడి మచ్చ ఉందో లేదో చూస్తారు. అది చూపు, అది నేర్చుకునేది, నేర్పించేది. "నీ చెయ్యి మంచిది కాదు" అనడం సులువు, ఎందుకంటే అలా అన్నాక నేర్పాల్సిన పని మనకి ఉండదు.

లావెండర్ మీద మనసు పడ్డవాళ్ళకి నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్తాను. వానలు వెనకబట్టాక, అక్టోబరు నవంబరుల్లో కొనండి. చలికాలమంతా హాయిగా పూస్తుంది. పూత పూయని మట్టి కుండీ తీసుకోండి, అది పక్కల నుంచి కూడా తడి వదులుతుంది. మట్టిలో సగం దాకా ముతక ఇసుకో, పెర్లైటో, చిన్న గులకరాళ్ళో కలపండి. కుండీ కింద పళ్ళెం పెట్టకండి, పెడితే నిలిచిన నీళ్ళు పారబోయండి. రోజుకి ఆరు గంటల ఎండ తగలాలి. మట్టి లోపల కూడా ఆరాకే, పొద్దున పూట, ఆకుల మీద కాకుండా మొదట్లో పోయండి. జూన్ వచ్చేసరికి వాన తగలని, గాలి ఆడే చోటికి మార్చండి. వేరు కుళ్ళి పోయిన మొక్క మట్టిని ఇంకో కుండీలో వాడకండి, కుండీని కూడా బాగా కడిగి ఎండబెట్టాకే వాడండి.

ఇంత చేసినా వానాకాలం దాటకపోవచ్చు. అప్పుడు దాన్ని చలికాలపు చామంతిలా, ఒక కాలం పూసి వెళ్ళిపోయే అతిథిలా చూసుకుంటే బాధ ఉండదు. అంత శ్రమ వద్దనుకుంటే మన వాతావరణం ఎరిగిన మరువం ఉంది, దవనం ఉంది. జడలో పెట్టుకోవడానికీ, దేవుడి దండలోకీ పనికొస్తాయి. వాసన కోసం ఫ్రాన్స్ దాకా వెళ్ళక్కర్లేదు.

నేను అడిగేది ఒక్కటే. ఈసారి మీ ఇంట్లో మొక్క పోతే, ఎవరినైనా ఒక మాట అనే ముందు కుండీ బోర్లించండి. ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని వేళ్ళు చూపించండి. ఇది తెలుపు, ఇది నలుపు, ఇక్కడ నీళ్ళు నిలిచాయి, ఈ రంధ్రం మూసుకుపోయింది అని వాళ్ళ చేతే చెప్పించండి. మీ అత్తగారు అక్కడే ఉంటే ఆవిడనీ పిలవండి, ఆవిడకి తెలిసినవి మనకి తెలియనివి చాలా ఉంటాయి. పది నిమిషాల పని. రెండు చేతులకీ మట్టి అంటుతుంది, కడుక్కుంటే పోతుంది. మాట అంటితే అంత తేలిగ్గా పోదు.